కారు స్టీరియోకు ఎంత మెమరీ కావాలి?



గత నెలలో ఒక శుక్రవారం జుమా నమాజ్ ముగించుకొని ఇంటికి వచ్చేసరికి మా మేనల్లుడు వరండాలో కూర్చొని ఉన్నాడు. అతడు ఆరు నెలల క్రితం వాడిన కారు ఒకటి కొనుక్కొని, కర్నూలు నుండి హైదరాబాదుకు ప్రయాణికులను చేరవేస్తూ జీవనం సాగిస్తున్నాడు. అతని చేతిలో ఒక కాగితం ఉంది. అందులో మూడు కారు స్టీరియోల వివరాలు రాసుకొని వచ్చాడు. మొదటిదానికి 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజి. రెండవదానికి 4 జీబీ, 64 జీబీ. మూడవదానికి 8 జీబీ, 128 జీబీ.

“మామూ! వారసత్వపు వాటాల చిక్కులెక్కలనే మీరు తేల్చి చెబుతారు. ఈ లెక్క కూడా తేల్చి పెట్టండి. దుకాణదారు మూడవదే తీసుకోమంటున్నాడు. ఒకసారి కొంటే మళ్లీ పదేళ్లు చూసుకోనక్కరలేదట” అన్నాడు.

“రెండవదానికీ మూడవదానికీ ధరలో తేడా ఎంత?” అని అడిగాను.

“ఏడువేలు.”

“ఆ సొమ్ము ఎవరిది?”

అతడు వెంటనే జవాబు చెప్పలేదు. కొంతసేపటికి, “అమ్మీ ఇచ్చింది” అన్నాడు. మా చెల్లెలు కుట్టుమిషను మీద పనిచేసి రూపాయి రూపాయి కూడబెట్టిన సొమ్ము అది. నేను లేచి బయటికి వెళ్లి కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. ముందరి టైర్లు రెండూ అరిగి నున్నబడి ఉన్నాయి. ఆ సంగతి అప్పుడు ఏమీ అనలేదు. ముందు అతడు అడిగిన లెక్క తేల్చాలి కదా అని కాగితమూ కలమూ తీసుకొని కూర్చున్నాను. ఆనాడు మేమిద్దరం వేసుకున్న లెక్కనే ఈ నెల మీ ముందుంచుతున్నాను. కారు కొనుక్కున్న కుటుంబాలలో ఈ ప్రశ్న ఎక్కడో ఒకచోట తప్పక తలెత్తుతుంది కాబట్టి, ఇది మీకూ ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాను.

రెండు మెమరీలు, రెండు పనులు

దుకాణంలో ‘మెమరీ’ అనే ఒకే మాటతో రెండు వేర్వేరు వస్తువులను చూపిస్తారు. చాలామంది మోసపోయేది ఇక్కడే. మా మద్రసా తరగతి గదిని ఒకసారి ఊహించుకోండి. ప్రతి విద్యార్థి ముందూ ఒక పొట్టిబల్ల ఉంటుంది. గది చివర గోడవారగా పుస్తకాల అల్మారా ఉంటుంది. విద్యార్థి ఆ క్షణంలో చదువుకొనే గ్రంథాలు బల్ల మీద తెరిచి ఉంటాయి, తక్కినవన్నీ అల్మారాలో భద్రంగా ఉంటాయి. పాఠం ముగిసి విద్యార్థి లేచిపోగానే బల్ల ఖాళీ అవుతుంది, అల్మారా మాత్రం నిండుగానే ఉంటుంది.

ర్యామ్ అంటే ఆ పొట్టిబల్ల. స్టోరేజి అంటే అల్మారా. స్టీరియో ఆ సమయంలో చేస్తున్న పనులు, అంటే దారి చూపే మ్యాపు, వినిపించే ధ్వని, వచ్చిన ఫోను వంటివి ర్యామ్ మీద నడుస్తాయి. మనం దాచుకున్న ధ్వని ఫైళ్లు, యాప్‌లు, ముందుగా దించుకున్న మ్యాపులు స్టోరేజిలో ఉంటాయి. బల్ల ఇరుకైతే ఏమవుతుంది? కొత్త గ్రంథం తెరవాలంటే పాతదానిని మూసివేయవలసి వస్తుంది. ఆండ్రాయిడ్ స్టీరియోలోనూ అదే జరుగుతుంది. ర్యామ్ చాలనప్పుడు వెనుక నడుస్తున్న యాప్‌ను అది తనంతట తానే మూసివేస్తుంది. పారాయణం వింటూ మ్యాపు తెరిస్తే పారాయణం మధ్యలో ఆగిపోవడం, మళ్లీ మ్యాపులోకి వస్తే అది మొదటినుండి తెరుచుకోవడం దీని లక్షణాలే. అల్మారాను ఎంత పెద్దదిగా చేయించినా బల్ల ఇరుకు తీరదు. 128 జీబీ స్టోరేజి ఉన్నంత మాత్రాన స్టీరియో చురుకుగా పనిచేస్తుందని భావించడం పొరపాటు.

ఈ రెండింటి మధ్య మరొక ముఖ్యమైన భేదం ఉంది. స్టోరేజి చాలకపోతే ఒక పెన్ డ్రైవ్ గుచ్చి ఎప్పుడైనా పెంచుకోవచ్చు. ర్యామ్ మాత్రం స్టీరియో లోపలి పలకకు అతికించి ఉంటుంది, కొన్న తరువాత దానిని పెంచుకొనే మార్గం లేదు. కాబట్టి తరువాత పెంచుకోలేని దానిని కొనేటప్పుడే చూసుకోవాలి. ఎప్పుడైనా పెంచుకోగలిగిన దానికోసం ముందుగా సొమ్ము వెచ్చించనక్కరలేదు. ఈ లెక్క అంతటికీ ఇదే మూలసూత్రం.

మీది ఏ రకం స్టీరియో?

ఎంత మెమరీ కావాలో చెప్పేముందు స్టీరియో ఏ రకానిదో తెలుసుకోవాలి. మొదటిది సాధారణ రకం. రేడియో, బ్లూటూత్, పెన్ డ్రైవ్ పెట్టుకొనే చోటు మాత్రమే ఉంటాయి. దీనికి మెమరీ ప్రశ్నే లేదు. మీరు గుచ్చే పెన్ డ్రైవే దాని మెమరీ.

రెండవది ఫోనుతో జతపడే రకం. ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే అనే పేర్లు మీరు విని ఉంటారు. 2014లో గూగుల్, యాపిల్ సంస్థలు వీటిని ప్రకటించాయి. ఇందులో మ్యాపునూ పాటలనూ నడిపేది జేబులోని ఫోనే. స్టీరియో దానికి తెరగా, స్పీకరుగా పనిచేస్తుంది. పని అంతా ఫోను మెమరీలో జరుగుతున్నప్పుడు స్టీరియో సొంత మెమరీకోసం అదనపు సొమ్ము చెల్లించడం అనవసరం.

మూడవది తానే ఒక ఫోనులాగా పనిచేసే పూర్తి ఆండ్రాయిడ్ స్టీరియో. మా మేనల్లుడి కాగితంలో ఉన్నవి మూడూ ఈ రకానివే. “నీకు రెండవ రకం చాలదా?” అని అడిగితే అతడు చెప్పిన కారణం సబబుగానే ఉంది. అతని ఫోను నిరంతరం ప్రయాణికుల పిలుపులతో నిండి ఉంటుంది. మ్యాపు కూడా దాని మీదే నడిస్తే మధ్యాహ్నానికే ఫోను వేడెక్కి మొరాయిస్తుంది. పైగా, నడుపుతూ ఫోను చేతపట్టుకోవడం 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను ప్రకారం ప్రమాదకరమైన డ్రైవింగు కిందికి వస్తుంది. అందుచేత మ్యాపు స్టీరియోలోనే ఉండాలన్న అతని కోరిక న్యాయమైనదే.

ఈ మూడవ రకానికి ర్యామ్ విషయంలో నేను చెప్పగలిగినది ఇది. 1 జీబీ వద్దు. మ్యాపూ ధ్వనీ కలిసి నడిచేటప్పుడు 2 జీబీ కిందుమీదులుగా లాక్కొస్తుంది. 4 జీబీ అయితే మ్యాపు, ధ్వని, ఫోను మూడింటికీ సుఖంగా సరిపోతుంది. తెరను రెండుగా చీల్చి రెండు యాప్‌లు నడిపేవారికి, కారు చుట్టూ నాలుగు కెమెరాలు బిగించుకొనేవారికి 8 జీబీ పనికి రావచ్చు. మా వాడి అవసరాలలో ఇవేవీ లేవు.

గంటల లెక్క

ఇక అల్మారా సంగతి. జీబీలతో మొదలుపెడితే ఈ లెక్క ఎప్పటికీ తెగదు. గంటలతో మొదలుపెట్టాలి. మీరు వినే విషయం ఎన్ని గంటలు?

మా తరం వారికి గంటల లెక్క కొత్త కాదు. ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన క్యాసెట్టును మేము గంటలతోనే కొనేవాళ్లం. 60 అని రాసి ఉంటే ఒక్కో వైపు అరగంట, 90 అని రాసి ఉంటే ముప్పావుగంట. ఖుర్ఆన్ పూర్తి పారాయణం నిదానంగా సాగితే సుమారు 30 గంటలు అనుకుందాం. అంటే 60 నిమిషాల క్యాసెట్టులు ముప్పై కావాలి. కారు వెనుక సీటు మీద ఒక పెట్టె నిండేది.

ఇప్పుడు అదే ధ్వనిని ఎంపీ3 ఫైలుగా భద్రపరుస్తారు. ఎంపీ3లో ఎంత నాణ్యత కావాలో కేబీపీఎస్ అనే కొలతతో చెబుతారు. 128 కేబీపీఎస్ అంటే సెకనుకు 128 కిలోబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 16 కిలోబైట్లు. గంటకు 3,600 సెకన్లు. గుణిస్తే 57,600 కిలోబైట్లు, అంటే 57.6 ఎంబీ. ఈ ఒక్క అంకెను గుర్తుంచుకుంటే చాలు. గంటకు సుమారు 58 ఎంబీ.

ప్రసంగం, పాఠం వంటి వాటిలో మాట్లాడేది ఒకే మనిషి. కుడి ఎడమ స్పీకర్లకు వేర్వేరు ధ్వనులు అవసరం లేదు. అందువల్ల 64 కేబీపీఎస్ సరిపోతుంది, స్థలం సగమే పడుతుంది. 320 కేబీపీఎస్ తీసుకుంటే గంటకు 144 ఎంబీ. ఏ మాత్రం కుదించకుండా సీడీలో ఉన్నది ఉన్నట్లు దాచుకుంటే గంటకు 635 ఎంబీ. అంటే 128 కేబీపీఎస్ కంటే పదకొండు రెట్లు. నిశ్శబ్దమైన గదిలో మంచి స్పీకర్ల ముందు కూర్చున్నవారికి ఆ తేడా తెలియవచ్చు. జాతీయ రహదారిపై ఇంజను మోతలో, గాలి హోరులో, లారీల హారన్ల మధ్య అది తెలిసే చెవులు అరుదు.

మా మేనల్లుడి అవసరాలను ఈ కొలతతో ఇలా లెక్కించాము. ఖుర్ఆన్ పూర్తి పారాయణం 30 గంటలు, 128 కేబీపీఎస్ చొప్పున 1.7 జీబీ. ఉలమాల ప్రసంగాలు 100 గంటలు, 64 కేబీపీఎస్ చొప్పున 2.9 జీబీ. సెలవు రోజున పిల్లలు ఎక్కినప్పుడు వినే కథలు 20 గంటలు, 1.2 జీబీ. నెట్టు అందని చోట పనికివచ్చేలా దించుకొనే మ్యాపులకు, కాస్త ఉదారంగానే, 2 జీబీ. అన్నీ కలిపితే 7.8 జీబీ. ఇకముందు పెరిగే వాటికోసం దీనికి రెట్టింపు అనుకున్నా 16 జీబీకి మించదు.

ఈ అంకె చూసి అతడు నమ్మలేదు. “మామూ, ఎక్కడో తప్పుంది” అన్నాడు. మరొక విధంగా సరిచూశాము. అతడు రోజుకు ఒకసారి హైదరాబాదు వెళ్లి వస్తాడు. పోను సుమారు నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. మేము లెక్కించిన ధ్వని మొత్తం 150 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున దాదాపు 19 రోజులు విన్నది మళ్లీ వినకుండా గడిచిపోతుంది. 128 జీబీని ఇదే నాణ్యతతో నింపాలంటే 2,200 గంటలకు పైగా ధ్వని కావాలి. అది వినడానికి విశ్రాంతి లేకుండా 277 రోజులు పడుతుంది. “అంత ధ్వని ఎక్కడినుండి తెస్తావు? తెచ్చినా ఎప్పుడు వింటావు?” అని అడిగితే నవ్వేశాడు.

అంత స్థలం దేనికి?

“మరి దుకాణదారు అంత స్థలం ఎందుకు ఉండాలన్నాడు?” అని అడిగాను. “సినిమాలు పెట్టుకోవచ్చన్నాడు” అని మెల్లగా చెప్పాడు.

అసలు విషయం అక్కడ ఉంది. ధ్వనికి 128 జీబీ అవసరం లేదు. దానిని నింపగలిగేది దృశ్యం మాత్రమే. ఆ తెర ఉండేది నడిపేవాని కళ్లకెదురుగా. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతుంది. రెండు సెకన్లు తెర వైపు చూస్తే 44 మీటర్ల దారి చూడకుండా దాటినట్లే. వెనుక సీటులో ఒకరి బిడ్డలు, ఒకరి తల్లిదండ్రులు కూర్చొని ఉంటారు. వారు ఎక్కేటప్పుడు మనకు అప్పగించినది ఏమిటో మరువరాదు. ఏ పనికోసం పెద్ద మెమరీ కొనాలంటున్నారో, ఆ పని ఆ తెర మీద జరగనే కూడదు. అటువంటప్పుడు ఆ ఏడువేలు దేనికి?

దృశ్యాన్ని భద్రపరచే న్యాయమైన అవసరం ఒకటుంది. అది రహదారిని చిత్రించే డ్యాష్ కెమెరా. స్పష్టమైన చిత్రానికి గంటకు ఆరు జీబీలకు పైగా పడుతుంది. అయితే ఆ కెమెరాకు సాధారణంగా తన సొంత కార్డు ఉంటుంది. నిండగానే పాత చిత్రాలను చెరిపి కొత్తవి రాసుకుంటుంది. దానికీ స్టీరియో మెమరీకీ సంబంధం లేదు.

పెన్ డ్రైవ్ కొనేటప్పుడు

పెన్ డ్రైవ్ విషయంలోనూ పెద్దదే మంచిదనుకోవద్దు. చాలా కారు స్టీరియోలు ఫ్యాట్32 అనే పద్ధతిలో సిద్ధం చేసిన డ్రైవులనే చదువుతాయి. 32 జీబీ వరకు ఉండే మెమరీ కార్డులు ఈ పద్ధతిలో వస్తాయి. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే వేరొక పద్ధతిలో వస్తాయి. వాటిని కొన్ని స్టీరియోలు గుర్తించవు. ఇంటికి తెచ్చి గుచ్చాక ‘డ్రైవ్ లేదు’ అని తెర మీద కనబడితే డ్రైవ్ పాడైందని అనుకుంటాము. నిజానికి అది స్టీరియోకు తెలియని భాషలో రాసి ఉంటుంది, అంతే. స్టీరియోతో వచ్చే చిన్న పుస్తకంలో ఏ పద్ధతిని, ఎన్ని జీబీల వరకు, ఎన్ని ఫైళ్ల వరకు చదవగలదో రాసి ఉంటుంది. దానిని చదివిన తరువాతే డ్రైవ్ కొనండి.

పైన 32 జీబీ అని రాసి ఉన్నా కంప్యూటరులో 29.8 అని చూపిస్తే కంగారుపడకండి. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, కంప్యూటరు 1,024 చొప్పున లెక్కిస్తుంది. ఇందులో మోసం లేదు. మోసం వేరే ఉంది. తక్కువ ధరకు దొరికే కొన్ని డ్రైవులు లోపల 8 జీబీ మాత్రమే ఉండి 128 అని చెప్పుకుంటాయి. ఆ ఎనిమిది నిండాక రాసినదంతా గాలిలో కలుస్తుంది. కొన్న రోజే డ్రైవును నిండుగా నింపి, చివర ఎక్కించిన ఫైళ్లు పలుకుతున్నాయో లేదో విని చూడండి. కొన్ని చవక స్టీరియోలు తమ ర్యామ్‌ను కూడా ఇలాగే ఎక్కువచేసి చూపిస్తాయి. తెర మీది అంకెను నమ్మకుండా, దుకాణంలోనే మ్యాపు తెరిచి, పారాయణం పెట్టి, మరో రెండు యాప్‌లు తెరిచి పావుగంట తరువాత మళ్లీ మ్యాపులోకి రండి. అది ఆగినచోటే ఉంటే బల్ల వెడల్పు నిజమే.

పోయిన అయిదు గంటలు

ఇక చివరి మాట నా సొంత పొరపాటు గురించి. మా అబ్బా, అల్లాహ్ ఆయనను మన్నించుగాక, మా మొహల్లా మసీదులో ఫజ్ర్ తరువాత దర్స్ చెప్పేవారు. ఆయన శిష్యులు వాటిని 14 క్యాసెట్టులలో రికార్డు చేశారు. కొన్నేళ్ల క్రితం ఒక విద్యార్థి వాటిని ఎంపీ3లుగా మార్చి నాకు ఒక పెన్ డ్రైవులో ఇచ్చాడు. బూజు పట్టిన ఆ క్యాసెట్టులను ఇక అవసరం లేదని తీసివేశాము. డ్రైవును మా తమ్ముడి కారులో గుచ్చి, ప్రయాణాలలో వింటూ ఉండేవాళ్లం. ఒక వేసవి అంతా ఆ కారు ఎండలో నిలిచి ఉంది. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపలి వేడి బయటి వేడి కంటే ఎంతో ఎక్కువ. అటువంటి వేడి ఈ పరికరాలకు శత్రువు. ఒకరోజు గుచ్చితే స్టీరియో ‘చదువుతున్నాను’ అని చూపిస్తూనే ఉండిపోయింది. ఎవరికి చూపించినా ఫలితం లేకపోయింది.

ఆ విద్యార్థిని వెతికి పట్టుకుంటే, అతని పాత కంప్యూటరులో తొమ్మిది ఫైళ్లు దొరికాయి. అయిదు దొరకలేదు. అయిదు గంటల అబ్బా గొంతు అలా పోయింది. ఆ 14 గంటలు మొత్తం ఎంత స్థలమో తెలుసా? సుమారు 800 ఎంబీ. ఒక్క జీబీ కూడా కాదు. నాకు తక్కువైనది మెమరీ కాదు, రెండవ ప్రతి. కారులో ఉన్నది వినడానికి మాత్రమే. భద్రపరచుకోవలసినది ఇంట్లో వేరొకచోట ఉండాలి.

మా మేనల్లుడు చివరకు రెండవ స్టీరియోనే తీసుకున్నాడు. దానితోపాటు ఒక 32 జీబీ పెన్ డ్రైవ్ కొన్నాడు. మిగిలిన సొమ్ముకు కొంత కలిపి ముందరి టైర్లు రెండూ మార్పించాడు. ఆ సాయంత్రం వాళ్ల అమ్మీని కూర్చోబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పెన్ డ్రైవులో మొదట ఎక్కించినవి అబ్బా దర్సులు తొమ్మిది. మా చెల్లెలు కారు దిగకుండా ఒక దర్సు పూర్తిగా విన్నది. ఇప్పుడు ఆ తొమ్మిది ఫైళ్లు అతని కారులోనూ, మా ఇంటి కంప్యూటరులోనూ, మా చెల్లెలి ఫోనులోనూ ఉన్నాయి.

మీ ఇంట్లోనూ ఒక పెట్టెలో పెద్దల గొంతులున్న క్యాసెట్టులు ఉండవచ్చు. స్టీరియో కొనడానికి వెళ్లేముందు వాటిని బయటికి తీయండి. ఎంపీ3లుగా మార్పించి, రెండు చోట్ల భద్రపరచండి. ఆ తరువాత మీ గంటలు లెక్కపెట్టుకొని దుకాణానికి వెళ్లండి. అల్లాహ్ మీ ప్రయాణాలను క్షేమంగా ఉంచుగాక.